తక్కువ వినిపించినది

మూడో మంగళవారం కూడా వచ్చింది ఐలీ కంగాస్,
బూట్ల మీద ఎర్రటి ఇనుప ధూళితో.
డులూత్ రేవులో ఓడలకి ఖనిజం నింపే పని,
పగలంతా చెవుల్లో దూది.
ఆమెతో పాటే సరస్సు గాలి తోసుకొచ్చింది లోపలికి;
గోడకి వేలాడే ముప్పై గిటార్లూ
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
సన్నగా ఊఁ అన్నాయి.

"పెద్దది వద్దు," అంది మొదటి వారమే.
పెద్దది ఇంట్లో ఉందట. ఇరవై ఏళ్ళు
బార్లలో, పెళ్ళిళ్ళలో, ఫిడేలు పక్కన, డ్రమ్ముల పక్కన
గొడ్డు చాకిరీ చేసిందట.
ఇప్పుడు డ్రమ్ముల రూడీ అరిజోనాలో,
ఫిడేలు వైనో మట్టిలో.
మిగిలింది తనూ, ఒక వంటగదీ,
మెడ మీద ఆపరేషన్ గీతా,
దాని వెనక సగానికి తగ్గిన గొంతూ.
"దానితో పాడితే
ఓడ కూతలో రహస్యం చెప్పినట్టుంటుంది."

నేను అమ్మేవాణ్ణి. తెలిసింది చెప్పాను:
సన్నటి నడుము, పన్నెండో మెట్టు దగ్గరే ఒంట్లో కలిసిపోయే మెడ,
ముందు పలక స్ప్రూస్, వెనక మహాగని,
తీగకీ తీగకీ మధ్య వేలు మసిలేంత జాగా...
విననట్టే వింది.
ఒక్కోదాన్నీ మీటకుండానే పొట్టకి ఆనించుకుని
ముందు తను కూనిరాగం తీసేది.
చెక్క బదులు పలికిందో లేదో చూసుకునేదనుకుంటాను.
కొన్నిటిని వెంటనే గోడకి తగిలించేసేది.
"ఇది నాకంటే ముందు నోరు తెరుస్తుంది."
"ఇది మంచిదే, కానీ తన గొడవే తనది."
ముత్యపు చిప్ప పొదిగినదాన్ని చూపిస్తే నవ్వింది:
"చెవికి కావాలయ్యా, చెవి కమ్మకి కాదు."

చివరికి రెండు మిగిలాయి.
ఒకటి కొత్తది, ముట్టుకుంటే గంట.
రెండోది తొంభై ఏళ్ళది. ఎవరింటి అటక మీదో ఎండి, పక్క చీలితే
లోపల ఐదు చెక్కముక్కలు నేనే అతికించాను.

"నువ్వు వీధిలోకి వెళ్ళు," అంది,
"తలుపు జానెడు తెరిచి పెట్టు."
హీటరు కూడా తనే ఆపేసింది.
సున్నాకి పద్దెనిమిది కింద, నా కొట్టు ముందు నేనే
చేతులు చంకల్లో దాచుకుని బిచ్చగాడిలా.

లోపల ఒకటే పాట, రెండు సార్లు,
ఫిన్నిష్‌లో. ఆ భాష నాకు రాదు;
మా తాత వేరే ఒడ్డు నుంచి వచ్చాడు.

మొదటిసారి గిటారు విన్నాను. బావుంది. చాలా బావుంది.
కాలు కూడా ఆడించాను, చలికే అనుకోండి.

రెండోసారి
గిటారు ఎక్కడుందో తెలీలేదు.
కరెంటు పోయిన ఇంట్లో ఒక మనిషి
గోడ తడుముకుంటూ మేడ దిగుతున్నట్టు గొంతు.
చెయ్యి ఆనిన చోటల్లా
గోడ ఉంది, అంతే.
రాని భాషలో ఒక మాట నాకు అర్థమైంది.
కాదు, అర్థం కాలేదు.
అది మాట అని తెలిసింది.
దాని ముందు ఆమె భయపడి ఆగిందనీ,
ఊపిరి తీసుకుందనీ తెలిసింది.

అద్దంలోంచి చెయ్యి ఊపింది, రమ్మని.
"ఏది తక్కువ వినిపించింది?"

ముప్పై ఒక్కేళ్ళుగా ఈ బల్ల వెనకే ఉన్నాను.
ఏది ఎక్కువ మోగుతుందనే అడిగారు అందరూ.
కొత్తదాని ధర మూడింతలు.
వేళ్ళు కొంకర్లు పోయాయి, ఆ వేళ్ళతోనే
పాతదాన్ని చూపించాను.

"ఈ అతుకు ఊడుతుందా?"
"ఊడదు. కానీ చలికాలం గదిలో
నీళ్ళగిన్నె పెట్టు. ఎండిపోనివ్వకు."
"మా డాక్టరమ్మ కూడా అదే చెప్పింది,"
అంది మెడ తడుముకుని.

కేసు ఊరికే ఇచ్చాను.
హీటరు మళ్ళీ వెయ్యడం
చీకటి పడేదాకా గుర్తు రాలేదు.